వార్సా వీరుల స్మృతి ఏ రాజ్యపు సొత్తూ కాదు

ప్రతి ఏటా ఏప్రిల్ 19న పోలండ్ రాజధాని వార్సాలో సైరన్లు మోగుతాయి. యువతీ యువకులు కూడళ్ళలో నిలబడి, దారిన పోయేవారికి పసుపుపచ్చని కాగితపు పువ్వులు పంచుతారు. అది డాఫొడిల్ పువ్వు; ఉర్దూ కవిత్వం ఎరిగినవారి మాటలో చెప్పాలంటే నర్గిస్ జాతికి చెందినది. 1943లో అదే తేదీన, వార్సా ఘెట్టోలో చావగా మిగిలిన యూదులు నాజీ సైన్యంపై ఆయుధమెత్తారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యూదులు జరిపిన అతిపెద్ద సాయుధ తిరుగుబాటు అది. ఆ తిరుగుబాటుకు గుర్తే ఆ కాగితపు పువ్వు.

ఈ సంగతి మన పత్రికలో ఎందుకని అడిగేవారు ఉంటారు. గాజా శ్మశానంగా మారిన కాలంలో యూదుల పోరాటాన్ని స్మరించడమేమిటని ఆవేశపడేవారూ ఉంటారు. ఇంతకంటే ప్రమాదకరమైన మరొక ధోరణి మన యువకుల చరవాణులలో తిరుగుతున్నది: యూదుల మారణకాండ మొత్తం ఒక కట్టుకథ అని ప్రచారం చేసే సందేశాలు. ఈ ధోరణులన్నీ తప్పు. అవి నైతికంగా తప్పు, రాజకీయంగా ఆత్మహత్యాసదృశం.

మా వాదన సూటిగా ఇది: వార్సా ఘెట్టో స్మృతి ఏ రాజ్యానికీ, ఏ సైన్యానికీ సొత్తు కాదు. ఇజ్రాయెల్ ప్రభుత్వం దానిని తన ఆస్తిగా ప్రకటించుకున్నది నిజమే. అంతమాత్రాన మనం దానిని వదులుకుంటే, ఆ దస్తావేజు మీద సాక్షి సంతకం మనమే పెట్టినవాళ్ళమవుతాం.

జరిగినది ఏమిటి?

1940 నవంబరులో నాజీలు వార్సాలోని యూదులను గోడల మధ్య బంధించారు. నాలుగు లక్షలకు పైగా ప్రజలను నగరంలోని ఒక చిన్న భాగంలో కుక్కారు. రెండేళ్ళు నిండకముందే ఆకలికి, విషజ్వరాలకు సుమారు 80 వేలమంది బలైపోయారు. 1942 జులై 22 నుంచి సెప్టెంబరు 21 వరకు, రెండు నెలల వ్యవధిలో, దాదాపు 2,65,000 మందిని రైలు పెట్టెలలో త్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించి చంపారు. ఘెట్టోలో ఇక మిగిలినది యాభై, అరవై వేలమంది మాత్రమే.

ఆ మిగిలినవారిలోని యువకులు యూదు పోరాట సంస్థగా ఏర్పడ్డారు. పరస్పరం పొసగని పక్షాలవారు అందులో ఒక్కటయ్యారు. పాలస్తీనాకు వలసపోవాలని కోరే జియోనిస్టు యువకులు ఉన్నారు, జియోనిజాన్ని గట్టిగా వ్యతిరేకించే సోషలిస్టు పార్టీ ‘బుంద్’ సభ్యులు ఉన్నారు, కమ్యూనిస్టులు ఉన్నారు. నాయకుడు మొర్దెకాయ్ అనియెలెవిచ్ పాతికేళ్ళు నిండని యువకుడు. జియోనిస్టులలోనే మితవాదులైన రివిజనిస్టులు యూదు సైనిక సంఘం పేరుతో విడిగా పోరాడారు. వారి చేతిలో ఉన్నవి ప్రధానంగా పిస్తోళ్ళు, చేతిబాంబులు, పెట్రోలు సీసాలు. ఎదురుగా ఉన్నది ఐరోపాను జయించిన సైన్యం.

గెలుస్తామని వారిలో ఎవరూ భ్రమపడలేదు. జర్మన్ సేనాని స్ట్రోప్ ఒక్కొక్క ఇంటినీ తగలబెట్టించాడు. నేలమాళిగలలో దాగినవారిని పొగబెట్టి బయటికి లాగించాడు. మే 8న పోరాట సంస్థ ప్రధాన స్థావరం కూలింది. అనియెలెవిచ్ అక్కడే మరణించాడు. మురుగు కాలువల గుండా తప్పించుకొన్న కొద్దిమందిలో బుంద్ నాయకుడు మారెక్ ఎడెల్‌మన్ ఒకడు. మే 16న నగరంలోని మహా ప్రార్థనాలయాన్ని పేల్చివేయించి స్ట్రోప్ తన విజయాన్ని ప్రకటించుకున్నాడు. ఒక జాతిని తుడిచిపెట్టినట్టు చాటడానికి దాని ప్రార్థనాలయాన్ని కూల్చడం ఎంత పాత పద్ధతో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఘెట్టోలో తిరుగుబాటు మొదలైన ఆ ఏప్రిల్ 19వ తేదీనే, బ్రిటన్, అమెరికా ప్రతినిధులు శరణార్థుల సమస్యను చర్చించడానికి బెర్ముడా ద్వీపంలో సమావేశమయ్యారు. పన్నెండు రోజులు చర్చించి చెప్పుకోదగ్గ నిర్ణయమేదీ లేకుండా లేచిపోయారు. లండన్‌లోని పోలండ్ ప్రవాస జాతీయ మండలిలో బుంద్ ప్రతినిధిగా ఉన్న ష్మూయెల్ జీగెల్‌బోయ్‌మ్, లోకం చేతులు ముడుచుకు కూర్చున్నదని నిరసిస్తూ ఆ మే నెలలోనే ప్రాణం తీసుకున్నాడు. ఈనాడు వార్సా స్మారకం ముందు పూలగుచ్ఛాలు ఉంచే దేశాధినేతల ప్రసంగాలలో బెర్ముడా పేరు ఎంత అరుదుగా వినిపిస్తుందో గమనించండి. చనిపోయిన యూదులను గౌరవించడం సులభం. బతికి ఉన్న యూదులకు తలుపు తెరవడమే ఆనాడు ఎవరికీ సాధ్యం కాలేదు. ఈనాటి శరణార్థుల విషయంలో అదే రాజ్యాలు అదే తలుపును మళ్ళీ మూస్తున్నాయి.

స్మారకానికి రెండు ముఖాలు

1948 ఏప్రిల్ 19న, ఇంకా శిథిలాల దిబ్బగా ఉన్న ఘెట్టో ప్రాంతంలో శిల్పి నాథన్ రాపొపోర్ట్ చెక్కిన స్మారకాన్ని ఆవిష్కరించారు. దానికి వాడిన రాయి, నాజీలు తమ విజయ స్మారకాల కోసం స్వీడన్‌లో తవ్వించి పెట్టుకొన్నదని చరిత్ర. స్మారకానికి ఒకవైపు ఆయుధాలు పట్టిన కంచు వీరులు ఉంటారు. రెండోవైపు, రాతిలో, తలలు వంచుకొని మృత్యువు వైపు నడిచే వృద్ధులు, తల్లులు, పిల్లలు ఉంటారు. 1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ చాన్సలర్ విల్లీ బ్రాంట్ మోకరిల్లినది ఈ స్మారకం ముందే.

అధికారిక ఉత్సవాలన్నీ కంచు వీరుల వైపే జరుగుతాయి. వెనుకవైపు నడిచేవారు వెనుకే ఉండిపోతారు. తుపాకి పట్టినవాడు గౌరవంగా చనిపోయాడనీ, రైలెక్కినవాడు గొర్రెలా చనిపోయాడనీ ఒక క్రూరమైన విభజన దశాబ్దాలపాటు సాగింది. దీనిని అందరికంటే గట్టిగా ఎదిరించినవాడు స్వయంగా తుపాకి పట్టిన ఎడెల్‌మనే. ఆయుధంతో చావడం మరొక రకమైన చావు కంటే గొప్పదేమీ కాదనీ, పిల్లల చేయి వదలకుండా వారితో పాటు రైలెక్కిన తల్లి ధైర్యం తమ ధైర్యానికి తక్కువ కాదనీ ఆయన జీవితాంతం చెబుతూ వచ్చాడు.

ప్రతిఘటన అంటే తుపాకి మాత్రమే కాదనడానికి ఘెట్టోలోనే మరొక సాక్ష్యం ఉంది. చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ 1940 నవంబరు నుంచి ఒక రహస్య బృందాన్ని నడిపాడు. రేషన్ కార్డులు, పాఠశాల వ్యాసాలు, గోడపత్రాలు, వంటశాలల లెక్కలు, పారిపోయి వచ్చినవారి వాంగ్మూలాలు, ఇలా దొరికిన ప్రతి కాగితాన్నీ ఆ బృందం సేకరించింది. తమను చంపినవాడే తమ చరిత్ర రాయకూడదన్నది వారి పట్టుదల. ఆ కాగితాలను రేకుపెట్టెలలో, పాలక్యానులలో పెట్టి భూమిలో పాతిపెట్టారు. ఒక భాగం 1946లోను, మరొక భాగం 1950లోను తవ్వకాలలో దొరికాయి. రింగెల్‌బ్లుమ్‌ను 1944లో కుటుంబంతో సహా కాల్చిచంపారు. ఆ కాగితాలు మాత్రం బతికాయి. నాజీల నేరానికి అవి ఈనాటికీ తిరుగులేని సాక్ష్యం. మారణకాండ కట్టుకథ అనేవారు మొదట జవాబు చెప్పవలసినది ఆ పాలక్యానులకే.

రాజ్యాలు స్మృతిని ఎలా కాజేశాయి?

యుద్ధానంతర పోలండ్ కమ్యూనిస్టు ప్రభుత్వం ఏటా ఘెట్టో వీరులకు వందనం సమర్పించేది. 1968లో అదే ప్రభుత్వం జియోనిజంపై పోరు పేరిట యూదులపై విషప్రచారం సాగించి, వేలాదిమందిని దేశం విడిచిపోయేలా చేసింది. ఎడెల్‌మన్ అప్పటికి వైద్యుడు. ఆసుపత్రిలో ఉద్యోగం పోయింది. భార్య, పిల్లలు ఫ్రాన్సుకు వెళ్ళారు. ఆయన మాత్రం వెళ్ళలేదు. ఒకచేత్తో చనిపోయిన యూదుడికి పూలమాల, మరొకచేత్తో బతికి ఉన్న యూదుడికి బహిష్కరణ పత్రం: రాజ్య స్మరణ అంటే ఇదే.

1983లో తిరుగుబాటు 40వ వార్షికోత్సవాన్ని సైనిక పాలకుడు జరుజెల్స్‌కీ ప్రభుత్వం ఆర్భాటంగా తలపెట్టింది. ఎడెల్‌మన్‌ను గౌరవ సంఘంలోకి ఆహ్వానించింది. ప్రజల నోళ్ళు నొక్కిన దేశంలో ఆ ఉత్సవానికి హాజరు కావడమంటే చనిపోయిన సహచరులకు ద్రోహం చేయడమేనని ఆయన బహిరంగంగా నిరాకరించాడు. ప్రభుత్వం ఆయనను ఇంట్లో నిర్బంధించింది. ఘెట్టో తిరుగుబాటు స్మరణోత్సవం జరుగుతున్నప్పుడు ఆ తిరుగుబాటు నాయకుడు గృహనిర్బంధంలో ఉన్నాడు! స్మృతిని రాజ్యం కాజేయడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. కమ్యూనిస్టు పాలన పోయాక కూడా ఆ వాసన పోలేదు. 2018లో పోలండ్ పార్లమెంటు, నాజీ నేరాలలో పోలిష్ జాతికి భాగం అంటగట్టేవారికి మూడేళ్ళ దాకా జైలుశిక్ష విధించే చట్టం చేసింది. అంతర్జాతీయ నిరసన వెల్లువెత్తాక కొన్ని నెలలకు ఆ శిక్షను తొలగించింది.

ఇజ్రాయెల్ కథ వేరు, కాని దాని సారం ఇదే. అక్కడ మారణకాండ స్మరణ దినాన్ని 1951లో నిర్ణయించి, 1959లో చట్టబద్ధం చేశారు. దానికి పెట్టిన పేరులోనే ‘శౌర్యం’ అనే మాట ఉంది. వార్సా తిరుగుబాటు కాలాన్ని దృష్టిలో పెట్టుకొనే తేదీని ఎంచారు. ఘెట్టో పోరాటాన్ని రాజ్యస్థాపనకు తొలి మెట్టుగా చెప్పుకున్నారు. ఆ కథలో జియోనిస్టు వీరులకు పెద్దపీట దక్కింది. జియోనిజాన్ని వ్యతిరేకించిన బుంద్ వీరులు మసకబారిపోయారు. ఎడెల్‌మన్ 1945లోనే వార్సాలో ప్రచురించిన తిరుగుబాటు వృత్తాంతం హీబ్రూలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

నేల కూడా ఒక కథ చెబుతుంది. ఘెట్టో నుంచి బతికి బయటపడిన కొందరు యోధులు 1949లో ఉత్తర ఇజ్రాయెల్‌లో ‘ఘెట్టో యోధుల’ పేరుతోనే ఒక కిబ్బుట్జ్ స్థాపించారు. స్మారక ప్రదర్శనశాలనూ నెలకొల్పారు. అది వెలసినది 1948లో నిర్జనమైన అస్సుమైరియ్యా అనే పాలస్తీనా గ్రామపు భూములలో. అనియెలెవిచ్ పేరు పెట్టుకొన్న మరొక కిబ్బుట్జ్ యాద్ మొర్దెకాయ్. చేతిబాంబు పట్టిన ఆ యువకుని విగ్రహం అక్కడ నిలబడి ఉంది. గాజా సరిహద్దు అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరమే. ఆ యోధులు నరకం నుంచి బయటపడి తలదాచుకొన్నారన్నది ఎంత నిజమో, వారి స్మృతిచిహ్నం కింద మరొకరి ఊరు ఉన్నదన్నదీ అంతే నిజం. మొదటి నిజాన్ని చెప్పి రెండోదాన్ని దాచే స్మరణ సగం స్మరణే.

ఈ సగం స్మరణ ఎక్కడికి దారితీసిందో ఇటీవలి చరిత్రే చెబుతుంది. 2015 అక్టోబరులో ప్రధాని నెతన్యాహు, యూదుల నిర్మూలన ఆలోచనను హిట్లర్‌కు ఇచ్చినది జెరూసలేం ముఫ్తీ అని ప్రకటించాడు. పాలస్తీనీయులను నిందించే తొందరలో హిట్లర్ భారాన్నే తగ్గించబోయాడు. జర్మన్ ప్రభుత్వమూ, ఇజ్రాయెలీ చరిత్రకారులూ ఆ మాటను తోసిపుచ్చవలసివచ్చింది. 2023 అక్టోబరు 30న ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఇజ్రాయెల్ రాయబారి పసుపుపచ్చని నక్షత్రం ధరించి కూర్చున్నాడు. నిస్సహాయ యూదుల మీద నాజీలు బలవంతంగా కుట్టించిన గుర్తు అది. ఐరోపాలో అందరూ చేయివదలిన ప్రజల గుర్తును, యుద్ధవిమానాలున్న రాజ్యం ధరించడం చూసి యాద్ వాషెం సంస్థ అధిపతి సైతం ఆక్షేపించాడు.

ఒక ఉత్తరం, రెండు అంచులు

ఇజ్రాయెల్‌ను విమర్శించడం మన పాఠకులకు రుచిస్తుంది. ఇక మనకు రుచించని సంగతి కూడా చెప్పాలి.

2002 ఆగస్టులో, రెండవ ఇంతిఫాదా కాలంలో, ఎడెల్‌మన్ పాలస్తీనా సాయుధ సంస్థల నాయకులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. ఒక పోరాట యోధుడు మరొక పోరాట యోధుడికి రాసిన ధోరణిలో ఉన్నది ఆ లేఖ. పాలస్తీనీయులను ఉగ్రవాదులనకుండా యోధులుగా సంబోధించినందుకు ఇజ్రాయెల్‌లో ఆగ్రహం వ్యక్తమైంది. మన వర్గాలలో ఆ సంబోధన మాత్రమే ప్రచారమైంది. కాని లేఖ రాసిన ఉద్దేశం మరొకటి: నిరాయుధులైన పౌరులను చంపవద్దని కోరడం. తాము ఘెట్టోలో ప్రతి క్షణం చావును ఎదుర్కొంటూ కూడా నిస్సహాయులైన సాధారణ ప్రజలను, స్త్రీలను, పిల్లలను గురిపెట్టలేదని ఆయన వారికి గుర్తుచేశాడు.

ఆ లేఖకు రెండు అంచులున్నాయి. ఇజ్రాయెల్ అభిమానులకు ఒక అంచు తెగుతుంది, మనకు మరొకటి. 2023 అక్టోబరు 7న సంగీతోత్సవానికి వచ్చిన యువతీ యువకులను, ఇళ్ళలోని కుటుంబాలను చంపడాన్ని వార్సా తిరుగుబాటుతో పోల్చేవారు ఎడెల్‌మన్‌ను చదవనివారు. ఆ తర్వాత గాజాలో వేలాది పిల్లల్ని చంపడాన్ని వార్సా పేరుతో సమర్థించేవారూ ఆయనను చదవనివారే. పీడితుడికి పోరాడే హక్కు ఉంది. నిరాయుధుణ్ణి చంపే హక్కు లేదు. ఈ నియమాన్ని మనం శత్రువుకు వర్తింపజేసి మనవారికి మినహాయిస్తే, మనకూ ఆ రాయబారికీ తేడా ఏమి మిగులుతుంది? ఒక జనం మీది వైరం మనల్ని న్యాయం నుంచి తప్పించకూడదని ఖుర్ఆన్ ఆదేశించినది ఇటువంటి సందర్భం కోసమే.

ఎడెల్‌మన్ అభిప్రాయాలన్నిటితో ఏకీభవించాలని మేము అనడం లేదు. ఇరాక్‌పై అమెరికా యుద్ధాన్ని ఆయన సమర్థించాడు. అది మేము అంగీకరించలేని వైఖరి. కాని బోస్నియా ముస్లింలు ముట్టడిలో మాడుతున్నప్పుడు, 1993లో, సహాయ సామగ్రితో సరయేవో చేరిన బృందంతో కలిసి వెళ్ళినవాడు కూడా ఆయనే. ఘెట్టో పాఠం ఏ మతస్థుడికైనా వర్తిస్తుందని ఆయన చేతలతో చెప్పాడు.

మన ఇంటి లెక్క

మారణకాండ నిరాకరణ ముస్లింల అభిప్రాయమనే ప్రచారం అబద్ధం. 2001లో నిరాకరణవాదులు బీరూట్‌లో సదస్సు తలపెట్టినప్పుడు, పాలస్తీనా మహాకవి మహమూద్ దర్వీష్, ఎడ్వర్డ్ సయీద్, అదూనిస్ తదితర అరబ్ మేధావులు దానిని బహిరంగంగా ఖండించారు. లెబనాన్ ప్రభుత్వం ఆ సదస్సును జరగనివ్వలేదు. పాలస్తీనా కోసం జీవితమంతా రాసినవారికి తెలిసినది, చరవాణి సందేశాలు పంపేవారికి తెలియకుండా పోయింది: ఒకరి దుఃఖాన్ని అబద్ధమన్నవాడి నోట మరొకరి దుఃఖం నిజమనిపించదు.

ముఫ్తీ అమీన్ అల్ హుసైనీ 1941 నవంబరులో హిట్లర్‌ను కలిసిన మాట, నాజీల కోసం ప్రచారం చేసిన మాట వాస్తవం. దానిని దాచనక్కరలేదు. అదే యుద్ధంలో అవిభక్త భారతదేశం నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి వెళ్ళిన లక్షలాది ముస్లిం సైనికులు నాజీ కూటమికి ఎదురు నిలిచి పోరాడారు. అల్బేనియాలో ముస్లిం కుటుంబాలు యూదులను తమ ఇళ్ళలో దాచి కాపాడాయి. ఈ చరిత్ర మొత్తం మనదే, సిగ్గుపడవలసినదీ, గర్వపడవలసినదీ.

భారతీయ ముస్లింలకు ఈ విషయంలో మరొక ప్రత్యేక కారణం ఉంది. 1939లో గోల్వల్కర్ పేరుతో వెలువడిన ‘వుయ్ ఆర్ అవర్ నేషన్‌హుడ్ డిఫైన్డ్’ గ్రంథం, జర్మనీ యూదులను వెళ్ళగొట్టిన తీరును హిందుస్థాన్ నేర్చుకోదగిన పాఠంగా చూపింది. ఆ గ్రంథంతో తమకు సంబంధం లేదని సంఘ్ తరువాతి కాలంలో చెప్పుకున్నది. కాని ఆ పాఠం ఎవరి కోసం ఉద్దేశించినదో చదివినవారందరికీ తెలుసు. మన దేశపు పుస్తకాల దుకాణాలలో హిట్లర్ ఆత్మకథ ఈనాటికీ వ్యక్తిత్వ వికాస గ్రంథాల పక్కనే అమ్ముడుపోతున్నది. అటువంటి దేశంలో ఒక ముస్లిం యువకుడు హిట్లర్‌ను మెచ్చుకోవడమంటే, తనను కొట్టబోయేవాడి చేతికి తానే కర్ర అందించడం.

అయితే పోలికలలో సంయమనం కావాలి. మన బస్తీలను ‘ఘెట్టో’ అనడం అలవాటైపోయింది. ఇల్లు అద్దెకు దొరకకపోవడం, బుల్డోజరు వచ్చి గోడ కూల్చడం తీవ్రమైన అన్యాయాలు. వాటిపై పోరాడటానికి వాటి అసలు పేర్లు చాలు. గాజా విషయంలో ఘెట్టో పోలిక తెచ్చినందుకు, యూదు కుటుంబంలో పుట్టిన మాషా గెసెన్‌కు 2023లో జర్మనీలో ఇవ్వవలసిన హానా ఆరెంట్ పురస్కారం నుంచి ఒక సంస్థ తప్పుకొన్నది. పోల్చడాన్ని నిషేధించడం తప్పు. ప్రతి చిన్నదానికీ పోల్చడం కూడా ఆ మృతులను చులకన చేయడమే.

పోలిక కంటే పాఠం విలువైనది. బుంద్ పార్టీకి ఒక సిద్ధాంతం ఉండేది. ఇద్దిష్ భాషలో దానిని ‘దోయికైత్’ అన్నారు. తెలుగులో ‘ఇక్కడితనం’ అనవచ్చు. మేము ఎక్కడ పుట్టామో, ఎక్కడ పనిచేస్తున్నామో అక్కడే మా హక్కులు. మరొక దేశం చూపించి మమ్మల్ని పొమ్మనే అధికారం ఎవరికీ లేదన్నది దాని సారం. ‘పాకిస్థాన్ వెళ్ళిపోండి’ అనే మాట విని విసిగిన మనకు ఈ సిద్ధాంతాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. తన ప్రజలు హతమైన దేశాన్ని, తనను ఉద్యోగం నుంచి గెంటిన దేశాన్ని విడవకుండా, 2009లో మరణించేదాకా ఎడెల్‌మన్ అక్కడే ఉన్నాడు. ఏటా ఆ స్మారకం వద్ద ఆయన ఉంచిన పసుపు పూలే నేడు కాగితపు పువ్వులై వార్సా వీధులలో పూస్తున్నాయి.

ఏం చేయాలి?

మొదటిది, మన ఇళ్ళలో, మన మస్జిద్‌ల గ్రంథాలయాలలో, మన విద్యార్థి సంఘాలలో ఏప్రిల్ 19 గురించి మాట్లాడుకోవాలి. నఖ్బాను స్మరించే మే 15ను గుర్తుపెట్టుకున్నంత శ్రద్ధగా దీనినీ గుర్తుపెట్టుకోవాలి. ఒకటి స్మరిస్తే మరొకటి తగ్గిపోదు.

రెండవది, మారణకాండను నిరాకరించే సందేశం ఏ బంధువు పంపినా, ఏ మిత్రుడు పంపినా అక్కడికక్కడే ఖండించాలి. మౌనంగా తొలగించడం చాలదు.

మూడవది, రింగెల్‌బ్లుమ్ పని మనం చేయాలి. దాడి జరిగిన ప్రతిచోటా ఎఫ్‌ఐఆర్ నకలు, వైద్య నివేదిక, కూల్చివేత నోటీసు, ప్రత్యక్షసాక్షి మాట, తేదీ, సమయం రాసి భద్రపరచాలి. మన వాళ్ళలో ఉపన్యాసకులకు కొదవ లేదు; దస్త్రాలు దాచేవారే తక్కువ. ఆకలితో మాడుతూ, చావును ఎదురుగా చూస్తూ కాగితాలు పోగుచేసినవారి ముందు మనకు తీరిక లేదనే సాకు నిలవదు.

వార్సా యువకులు ఏ రాజ్యం కోసమూ చావలేదు. వారి పక్కన నిలబడటానికి ఆనాడు ఏ రాజ్యమూ రాలేదు. గోడల మధ్య చిక్కిన ప్రజల పక్షాన ఈనాడు నిలబడేవారే, ఆ ప్రజలు ఎవరైనా సరే, వారి వారసులు. ఆ వారసత్వంలో మన వాటా మనం అడిగి తీసుకోవాలి. దానితో వచ్చే బాధ్యతను కూడా తీసుకోవాలి.